సింహావలోకనము: కృష్ణా తుంగభద్రల నడిమి దారులలో వెనుకచూపు చరిత్ర

తొందరపడి పనిచేసిన వానిని మందలించునపుడు మన పెద్దలు "వెనకా ముందూ చూసుకోనక్కర లేదా?" అందురు. "ముందువెనుకలు" అను మాటయు వాడుకలో లేకపోలేదు. కాని మందలింపు వచ్చుసరికి వెనుకకే మొదటి పీట దక్కుచున్నది. అరకేర ప్రాంతమున మా విద్యార్థులు ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, సంతలో కొంత ఉర్దూ మాటలాడుదురు. కన్నడము వారును "హిందె ముందె నోడు" అనుచు వెనుకనే ముందుంచుదురు. ఉర్దూవారు మాత్రము "ఆగే పీఛే" అని ముందును ముందుగా పలుకుదురు. ఇంత చిన్న పలుకుబడి నుండి జాతుల స్వభావమును తేల్చబూనుట సాహసమగును. అయినను దారిన పోవువాడు వెనుకను మరువరాదను ఎరుక ఈ రెండు ద్రావిడ భాషల నుడికారములోను నిలిచియున్నదని చెప్పుట తప్పు కానేరదు.

సంస్కృతమున దీనికి సింహావలోకన న్యాయమని పేరు. సింహము కొంత దూరము నడచి, నిలిచి, మెడ త్రిప్పి, తాను వచ్చిన దారిని చూచునట. శాస్త్రకారులు ముందు చెప్పినదానిని మరల పరిశీలించుటకు ఈ న్యాయమును వాడిరి. చరిత్రకారులు గతమును సమీక్షించుటకు వాడుచున్నారు. ఈ వ్యాసమున దానిని మొదటి అర్థముననే, అనగా దారిన పోవు ప్రాణి మెడ త్రిప్పి వెనుకకు చూచుట అను అర్థముననే గ్రహించుచున్నాను. నేడు మన పల్లెలలో ప్రతి యింటి ముంగిటను నిలిచియున్న మోటారు సైకిలునకు ఈ న్యాయముతో గల సంబంధమును చూపుటయే నా ఉద్దేశము. ఇది చరిత్ర వ్యాసమునకు తగిన విషయమా యని కొందరు శంకింపవచ్చును. రాజుల యుద్ధములు చరిత్ర యగునపుడు ప్రజలు ప్రాణములతో ఇల్లు చేరు విధానము చరిత్ర ఎందుకు కాకూడదు?

చక్రరక్షకులు

మహాభారత యుద్ధమున మహారథులకు సారథి ఒక్కడే తోడు కాదు. రథచక్రములకు ఇరువైపుల కాపు కాయు వీరులుండెడివారు. వారికి చక్రరక్షకులని పేరు. అర్జునుని రథమునకు పాంచాల వీరులైన యుధామన్యుడును, ఉత్తమౌజుడును చక్రరక్షకులు. తిక్కన సోమయాజి తెలుగు చేసిన యుద్ధపర్వములను చదివినవారికి ఈ పేర్లు క్రొత్తవి కావు. కాని ఈ పదవి యొక్క అవసరమేమో మనము తరచుగా ఆలోచింపము.

రథికుని దృష్టి ఎదుటి శత్రువుపై నుండును. సారథి దృష్టి గుఱ్ఱములపైనను, దారిపైనను ఉండును. ప్రక్కనుండి, వెనుకనుండి వచ్చువాడు ఈ ఇరువురి చూపులకును అందడు. కృష్ణుని వంటి సారథియు, అర్జునుని వంటి విలుకాడును ఉన్న రథమునకు సైతము చూపునకందని చోటు కలదని ఆనాటి వారు గుర్తించిరి. దానికి అంగలార్చక, ఆ చోటునకు ఇద్దరు మనుష్యులను నియమించిరి. పదునెనిమిది దినములు ఆ చక్రములను కాచిన వీరులిరువురును తుదకు కాపలా లేని రాత్రి శిబిరమున అశ్వత్థామ చేతిలో మడిసిరి. కథలోని ఈ ఘట్టము ఎంతటి వానికైనను మరుగు ఒకటుండునను హెచ్చరికగా నాకు తోచుచుండును.

ఈ మరుగు చోటు అను మాటను ఇకమీద పారిభాషిక పదముగా వాడెదను. వాహనము నడుపువాని కంటికిని, అతని అద్దమునకును అందక, దారిపై మిగిలిపోవు చోటే మరుగు చోటు.

రాయచూరు కోటగోడపై బండి

మన జిల్లాలో దారి ప్రయాణమునకు మిగిలిన ప్రాచీన చిత్రములలో నొకటి రాయచూరు కోట పడమటి గోడపై కలదు. అచ్చట 41 అడుగులకు పైబడిన పొడవు గల ఒకే రాతిపలకపై తెలుగు శాసనము చెక్కబడినది. కాకతీయ ప్రతాపరుద్రుని పాలనాకాలమున, 1294వ సంవత్సరమున, గోరె గన్నయరెడ్డి ఆనతిపై విఠలుడు ఈ కోటను కట్టించెనని ఆ శాసనము తెలుపుచున్నది. రాయచూరు సీమలో తెలుగు నిన్న మొన్న వచ్చిన భాష కాదనుటకు దీనికి మించిన సాక్ష్యము వలదు. మా విద్యార్థులను కోటకు తీసికొనిపోయినపుడు నేను మొట్టమొదట ఈ రాతినే చూపుదును.

శాసనమునకు సమీపముననే ఆ మహాశిలను తెచ్చిన విధమును శిల్పులు బొమ్మగా చెక్కిరి. గట్టి చక్రముల బండిపై పొడవైన రాయి; దానిని లాగుచున్న దున్నపోతుల బారు; వానిని అదలించు తోలరులు. ఇంతవరకు ఎవరైనను ఊహింపగలరు. విశేషమేమనగా, బండి వెనుక చక్రముల కడ సన్నకోలలు పట్టి నిలిచిన కూలీలను సైతము శిల్పి మరువలేదు. ముందు లాగువారెందరున్నను వెనుక చక్రము వద్ద కన్ను వేసి, చేయి వేసి నిలిచినవారు లేనిదే బండి కదలదు, కదలినను నిలువదు. ఏడువందల యేండ్ల క్రిందటి ఆ అజ్ఞాత శిల్పి చక్రరక్షకులను మరల మనకు చూపినాడు. వారు పాంచాల రాజకుమారులు కారు, ఈ నేల కూలీలు.

ఎడ్లబండ్ల కాలమున సామాన్య రైతునకు ఈ బెడద తక్కువగా నుండెను. బండి వేగము మనిషి నడకకు మించదు. వెనుకనుండి వచ్చువాడును నడకతోనే వచ్చును. ఎద్దుల మెడలోని మువ్వలును, ఇరుసుల కిరకిరయు మైలు దూరమునకు రాకను చాటుచుండును. రాత్రివేళ ఇరుసు క్రింద వ్రేలాడగట్టిన లాంతరు వెనుకవానికి గుర్తుగా నుండును. బండివాడు కునికినను ఎద్దులు ఏమరవు. చూపునకందని చోటును చెవియు, పశువును కనిపెట్టుచుండెను. వేగము పెరుగనంతవరకు వెనుక భయము పెరుగలేదు.

గార్డు, కండక్టరు, క్లీనరు

వేగము ఈ సీమకు ఇనుపదారిపై వచ్చెను. బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు, మదరాసు నుండి వచ్చిన రైలుదారియు 1871వ సంవత్సరమున రాయచూరులో కలిసికొనెను. రైలునకు ముందు డ్రైవరుండగా, చిట్టచివరి పెట్టెలో పచ్చజెండా, ఎఱ్ఱజెండా, లాంతరు పట్టుకొని గార్డు కూర్చుండెను. చివరి పెట్టెపై గుర్తు పలక నొకదానిని తగిలించుట, స్టేషనులో నిలిచినవాడు ఆ పలకను చూచి బండి తెగిపోక మొత్తము వచ్చినదని నిశ్చయించుకొనుట ఆచారమయ్యెను. తోకను చూడనిదే తల వచ్చినదని నమ్మరాదనునది రైల్వేవారి సిద్ధాంతము. ఇటీవల గార్డు అను పేరు మారి "ట్రెయిన్ మేనేజరు" అయినది. పేరు మారినను వెనుకను కనిపెట్టు భారము అతనిదే.

పిమ్మట రోడ్డుపై బస్సు వచ్చెను. నిజాము ప్రభుత్వ రైల్వేలో భాగముగా రోడ్డు రవాణా శాఖ 1932వ సంవత్సరమున 27 బస్సులతో ప్రారంభమయ్యెను. ఆనాడు రాయచూరు హైదరాబాదు సంస్థానములోని జిల్లా. నేడు తెలంగాణములో నున్న గద్వాల, ఆలంపురము తాలూకాలు ఈ జిల్లాలోనివే. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆ రెండు తాలూకాలును మహబూబ్‌నగరము జిల్లాకు పోగా, రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. సరిహద్దు మారినది గాని దారులు మారలేదు, బస్సులోని పనివిభజనయు మారలేదు. డ్రైవరునకు ముందుచూపు, కండక్టరునకు వెనుకచూపు. బస్సును వెనుకకు త్రిప్పవలసి వచ్చినపుడు కండక్టరు దిగి, ఈల వేయుచు, చేతితో రేకును తట్టుచు దారి చూపును. లారీలలో ఈ పని క్లీనరుది. "రానీ, రానీ... చాల్!" అను అతని కేక మన రహదారుల ప్రాచీన సంగీతము.

లారీ వెనుక వ్రాసిన "హారన్ ఓకే ప్లీజ్" అను మాటను మనము వినోదముగా చూచెదము. నిజమునకు అది ఒక ఒప్పుకోలు. "నాయనా, నీవు నాకు కనబడుట లేదు. శబ్దము చేసి తెలుపుము" అని ముందున్న వాడు వెనుకవానికి వ్రాసియిచ్చిన పత్రమది. అద్దమున్న లారీవాడే ఇట్లు ఒప్పుకొనుచుండగా, అద్దమును పీకివేసిన మోటారు సైకిలువాడు తనకు అన్నియు కనబడునని ఏ ధైర్యముతో నమ్ముచున్నాడు?

ఒంటరి సారథి

మోటారు సైకిలు పుట్టుక ఐరోపాది. జర్మనీ దేశమున డైమ్లరు 1885లో కొయ్య చట్రమునకు యంత్రము నమర్చి నడిపించెను. అదే దేశమున హిల్డెబ్రాండు, వోల్ఫ్‌ముల్లరులు 1894లో అమ్మకమునకు వరుసగా తయారు చేసిరి. మన దేశమున 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెటు బండ్లను తయారుచేయ నారంభించెను. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1960 దశకారంభము నుండి 1996 వరకు నడచెను. 1985లో హీరో హోండా వారి సి.డి. 100 వెలువడిన తరువాత, తక్కువ పెట్రోలుతో నడచు తేలికబండి సామాన్య రైతునకు అందుబాటులోనికి వచ్చెను.

మన దోఆబు ప్రాంతమున ఈ మార్పునకు కాలువల నీరు తోడయ్యెను. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద సింధనూరు, మానవి ప్రాంతములకు కోస్తా జిల్లాల తెలుగు రైతులు వచ్చి భూములు కొని, "క్యాంపు"లని పిలువబడు పల్లెలు కట్టుకొనిరి. నారాయణపురము కుడి కాలువ దేవదుర్గ ప్రాంతపు మెట్టలను తడిపెను. ప్రత్తి, మిరప, వరి పండిన యింటికి మోటారు సైకిలు వచ్చెను. తండ్రి నడిపిన ఎడ్లబండి దారిననే కుమారుడు గంటకు అరువది కిలోమీటర్ల వేగమున పోవుచున్నాడు.

ఇచ్చట గమనింపదగిన చారిత్రక విషయమొకటి కలదు. రథమునకు చక్రరక్షకులుండిరి. రాతిబండికి సన్నకోలల కూలీలుండిరి. రైలునకు గార్డు, బస్సునకు కండక్టరు, లారీకి క్లీనరు ఉండిరి. ఎడ్లబండికి ఎద్దులైన నుండెను. మోటారు సైకిలుపై అట్టివారెవ్వరును లేరు. వేలయేండ్లు ఇద్దరు ముగ్గురు పంచుకొనిన చూపుల భారము, సగటు మనిషి రెండు కన్నులపైనను, ఒక మెడపైనను వచ్చి పడినది. వాహనము చిన్నదైనది, బాధ్యత పెద్దదైనది. బండిని అమ్మినవారు తాళపుచెవితో పాటు ఈ మాట చెప్పలేదు. మేమును బడిలో చెప్పలేదు.

అద్దము చరిత్ర

మనిషికి బదులుగా అద్దమును పెట్టిన కథ ఆసక్తికరమైనది. ఆంగ్ల దేశమున డోరతీ లెవిట్టు అను మహిళ 1909లో స్త్రీల కొరకు వ్రాసిన మోటారు వాహన గ్రంథమున, ఒక చేతి అద్దమును దగ్గర నుంచుకొని అప్పుడప్పుడు పైకెత్తి వెనుకను చూచుకొనుడని సలహా యిచ్చెను. 1911 మే 30న అమెరికాలోని ఇండియానాపోలిసు నగరమున అయిదువందల మైళ్ల పందెము జరిగెను. తక్కిన పోటీదారులు తమ ప్రక్క ఒక మెకానిక్కును కూర్చుండబెట్టుకొనిరి. వెనుకనుండి వచ్చు కార్లను చూచి చెప్పుట అతని పనులలో నొకటి. రే హారూన్ అను పోటీదారు మాత్రము ఒంటి సీటు కారును తెచ్చెను. వెనుక చూచువాడు లేనిచో తక్కినవారికి ప్రమాదమని వారు అభ్యంతరము చెప్పగా, అతడు తన యెదుట ఒక అద్దమును బిగించుకొనెను. పందెమును గెలిచెను. అద్దమునకు ప్రపంచమంతట కీర్తి వచ్చెను.

అయితే ఆ కథలో రెండవ భాగమును చెప్పువారు తక్కువ. ఇటుకలు పరచిన ఆ బాటపై కారు అదరుట వలన అద్దమున తనకేమియు స్పష్టముగా కనబడలేదని హారూన్ తానే పిమ్మట ఒప్పుకొనెను. అనగా, మనిషికి బదులుగా వచ్చిన మొదటి అద్దము చూపుటకు పనికిరాకయే గెలిచినది! గుంతల దారిపై మోటారు సైకిలు అద్దము వణకుట నెరిగిన మన పాఠకులకు ఈ మాటను వివరింపనక్కరలేదు.

అద్దమునకు ఇతర పరిమితులును కలవు. మోటారు సైకిలు అద్దము తరచుగా కొంచెము ఉబ్బెత్తుగా నుండును. అందువలన ఎక్కువ చోటు కనబడును గాని, వస్తువులు ఉన్నదానికంటె చిన్నవిగా, దూరముగా తోచును. నడుపువాని భుజమే అద్దమున కొంత భాగమును మూసివేయును. అన్నిటికంటె ముఖ్యముగా, మనలను దాటుటకు వచ్చువాడు కొంతసేపు అద్దమున కనబడి, సరిగా మన ప్రక్కకు వచ్చునపుడు అద్దము నుండి జారిపోవును, కాని కంటికొనలకు ఇంకను చేరడు. ఆ రెండు మూడు క్షణములే మరుగు చోటు. దూరముననున్న వానిని చూపి, దగ్గరకు వచ్చిన వానిని దాచుట అద్దము లక్షణము.

ఇట్టి అద్దమునైనను మనవారు ఉంచుట లేదు. అందమునకని కొందరు తీసివేయుదురు. ఇరుకు సందులలో తగులునని కొందరు లోపలికి మడచెదరు. తల దువ్వుకొనుటకు వీలుగా త్రిప్పుకొనువారును కలరు. అద్దమున తమ్ము తాము చూచుకొనువారు వెనుకవానిని చూడజాలరు.

కంటిలోని మరుగు

మరుగు చోటు బండిలోనే కాదు, కంటిలోనే కలదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన మారియొట్టు 1660 దశకమున దీనిని కనుగొనెను. కంటి వెనుక పొరపై చూపునరము బయలుదేరు చోట వెలుగును గ్రహించు శక్తి లేదు. పాఠకులు దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. ఒక కాగితముపై ఏడు సెంటీమీటర్ల ఎడముగా రెండు చుక్కలు పెట్టి, ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమ చుక్కనే చూచుచు కాగితమును మెల్లగా దగ్గరకు తెచ్చినచో, దాదాపు పాతిక సెంటీమీటర్ల దూరమున కుడి చుక్క మాయమగును. మా తరగతిలో పిల్లలు దీనిని చేసి కేరింతలు కొట్టుదురు. అచ్చట రంధ్రము కనబడదు. కాగితపు తెలుపే కనబడును. లేనిదానిని మనస్సు పూరించుకొనుచున్నది. "అచ్చట ఏమియు లేదు" అని మనము నమ్మునపుడు, నిజముగా ఏమియు లేదో, మనకు కనబడలేదో మనకే తెలియదు. రెండు కన్నులును తెరచినపుడు ఒకదాని లోపమును రెండవది తీర్చును గాని, ఈ పాఠము మాత్రము నిలుచును.

కన్ను ఒక చోటినుండి మరియొక చోటికి వేగముగా దూకునపుడు, ఆ నడుమ దృశ్యము మనస్సునకు చేరదు. కూడలి వద్ద తలను ఇటునుండి అటు ఒక్క విసురున త్రిప్పినవాడు రెండు కొసలనే చూచును, నడుమ వచ్చు సన్నని మోటారు సైకిలును చూడడు. అమెరికాలో హ్యారీ హర్ట్ అను ఆచార్యుని నాయకత్వమున లాస్ ఏంజిల్సు ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను స్థలమునకు పోయి పరిశీలించి, 1981లో నివేదికను ప్రకటించిరి. రెండు వాహనములు తగిలిన ప్రమాదములలో, ఎదుటి వాహనము నడుపువాడు మోటారు సైకిలును గమనింపకపోవుటయే ప్రధాన కారణమని వారు తేల్చిరి. కన్నులు లేక కాదు, చూడక. కావున మోటారు సైకిలువాడు రెండు విధముల జాగ్రత్త పడవలెను: తన మరుగును తాను ఎరుగుట, ఇతరుల మరుగులో తాను నిలువకుండుట. 2017 ఏప్రిలు నుండి మన దేశమున క్రొత్త ద్విచక్రవాహనముల ముందుదీపము పగలు సైతము వెలుగునట్లు చేసినది ఈ రెండవ కారణముననే.

ఒక సాయంకాలము

ఈ వ్యాసము వ్రాయుటకు గల స్వంత కారణమును దాచుట న్యాయము కాదు. కొన్ని యేండ్ల క్రిందట ఒక సాయంకాలము బడి ముగించుకొని మోటారు సైకిలుపై వచ్చుచు, కుడివైపు పొలముదారికి మలుగబోయితిని. అద్దమున చూచితిని, దారి ఖాళీగా నున్నది. ఇండికేటరు వేసితిని. మలిగితిని. నా కుడి భుజము ప్రక్కనే వచ్చుచున్న మరియొక మోటారు సైకిలునకు నా బండి తగిలెను. దానిపై భార్యాభర్తలును, నడుమ నాలుగేండ్ల బిడ్డయు ఉండిరి. ముగ్గురును పడిపోయిరి. పెద్దవారికి చర్మము చీరుకొనిపోయెను. బిడ్డకు మెడయెముక విరిగెను.

ఆస్పత్రి వరండాలో ఆ తండ్రి నన్ను తిట్టలేదు. అతడు ఒక క్యాంపునకు చెందిన రైతు. నేను "అద్దంలో చూశానండీ, ఎవరూ లేరు" అని మరల మరల అనుచుండగా విని, తుదకు మెల్లగా "మాస్టారూ, నేను అద్దంలో లేను. మీ పక్కనే ఉన్నాను" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను, నేటికిని లేదు. బిడ్డ ఆరువారములలో కోలుకొనెను. నేను మాత్రము ఆ దినమున పాఠము నేర్చుకొన్న వాడనైతిని. ఇరువది యేండ్లు బండి నడిపినవాడనను గర్వము నాకుండెను. ఆ ఇరువది యేండ్లును నా ప్రక్కన ఎవ్వరును లేకపోవుట నా నేర్పు కాదు, నా అదృష్టము.

ఆక్షేపము, సమాధానము

మెడ త్రిప్పి చూచుటకు కొందరు అభ్యంతరము చెప్పుదురు. వెనుకకు చూచు క్షణమున ముందు కనబడదు గదా యని వారి వాదము. ఇది త్రోసివేయదగినది కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోవును. ఆ పదునాలుగు మీటర్లలో ముందు పశువు అడ్డము రావచ్చును, ట్రాక్టరు నిలువవచ్చును.

దీనికి సమాధానము, చూపును మానుట కాదు. చూపునకు సమయమును ఎన్నుకొనుట. ముందు తగినంత ఖాళీ యుండి, వేగము తగ్గించిన పిదప, మలుపునకు ముందుగా, గడ్డము భుజమునకు తగులునంతమాత్రము త్రిప్పి ఒక్కసారి చూచుటకు అర సెకను చాలును. దేహము త్రిప్పనక్కరలేదు, దేహము తిరిగినచో చేతులు తిరుగును, చేతులు తిరిగినచో బండి తిరుగును. సింహమును చూడుడు: అది పరుగెత్తుచు వెనుకకు చూడదు. నడచి, నిలిచి, చూచును. న్యాయమును ఏర్పరచిన వారు ఈ సూక్ష్మమును విడువలేదు.

రెండవ ఆక్షేపము: వెనుకనుండి వచ్చువాడే జాగ్రత్త పడవలెను గదా! నిజమే, అతనికిని బాధ్యత కలదు. కాని బాధ్యత ఎవరిదని తేల్చునది న్యాయస్థానము. ఎముక విరుగునది దారిలో. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారు. వీరిలో ఎందరు న్యాయము తమ పక్షముననే యుండగా మరణించిరో!

ఆచరణ

చరిత్ర నుండి ఆచరణకు దిగుట ఉపాధ్యాయుని అలవాటు. మలుపునకు ముందు నాలుగు పనులు వరుసగా జరుగవలెనని మా విద్యార్థులకు చెప్పుచున్నాను: అద్దము, సంజ్ఞ, మెడ, మలుపు. అద్దమున దూరమును చూడుము. ఇండికేటరు వేయుము, లేక పాత పద్ధతిని కుడిచేయి చాచుము. మెడ త్రిప్పి ప్రక్కను చూడుము. అంతయు ఖాళీయైననే మలుగుము. సంజ్ఞ చేసినంతమాత్రమున దారి మనదైపోదు. సంజ్ఞ ఒక విన్నపమే గాని ఆజ్ఞ కాదు.

లారీ, బస్సు, ట్రాక్టరుల విషయమున వేరొక సూత్రము: "వాని అద్దమున వాని ముఖము నీకు కనబడనిచో, నీవు వానికి కనబడవు." మన దేశపు లారీలో డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక ఎడమ ప్రక్క మరుగు విశాలము. లారీ ఎడమకు మలుగునపుడు ఆ సందులో దూరుట మృత్యువును పిలుచుటయే. లారీ ముక్కునకు ఆనుకొని ముందుండుటయు, తోకకు ఆనుకొని వెనుకనుండుటయు అట్టివే. ప్రత్తి, గడ్డి ఎక్కించిన ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపముండదు, డ్రైవరునకు వెనుక ఏమియు కనబడదు. దాని పాటల పెట్టె హోరులో మన హారను వినబడదు. అట్టి దానిని దాటునపుడు అది గ్రుడ్డిది, చెవిటిది అని భావించియే దాటవలెను.

శిరస్త్రాణము మాట చెప్పకున్న ఈ ప్రకరణము పూర్తి కాదు. అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన ఆంగ్ల సేనాని 1935లో మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో నొకడైన హ్యూ కెయిర్న్స్ ఆ దుఃఖమును పరిశోధనగా మార్చి, 1941లో హెల్మెట్టు ఉపయోగమును నిరూపించుచు వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు సైనికులకు దానిని నిర్బంధము చేసెను. కాని హెల్మెట్టు పడిన పిదప కాపాడును. మెడ త్రిప్పి చూచుట పడకుండ కాపాడును. ఒకదానికి మరియొకటి బదులు కాదు. హెల్మెట్టు ధరించినవానికి కంటికొనల చూపు కొంత తగ్గవచ్చును గనుక, అతడు మెడను మరికొంచెము త్రిప్పవలెను.

వెనుక కూర్చున్నవారిని గూర్చి ఒక మాట. మన స్త్రీలు వెనుక సీటుపై ఒక ప్రక్కకు కూర్చుండి, "వెనకాల లారీ వస్తోంది, పక్కకి తియ్యండి" అని హెచ్చరించుట మన దారులలో నిత్యము వినబడు మాటయే. భర్త విసుగుకొనుట కూడ నిత్యమే. ఆమె యుత్తమౌజుని పదవిలో కూర్చున్నదని అతడు గుర్తింపవలెను. చక్రరక్షకుని మాటను విసుగుకొనిన మహారథుడు భారతమున లేడు.

ఉపసంహారము

తెలుగున "పరాకు" అను వింత పదమొకటి కలదు. పరాకుగా నుండుట యనగా ఏమరియుండుట. రాజసభలో వందిమాగధులు "బహుపరాకు!" అని కేక వేయుట యనగా జాగరూకులు కండని హెచ్చరించుట. ఏమరుపాటును, దానికి మందును ఒకే మాటలో ఇమిడ్చిన భాష మనది. దారిపై నున్న ప్రతివాడును కొంతసేపు మొదటి అర్థమున పరాకుగా నుండును. తనకు తానే రెండవ అర్థమున పరాకు చెప్పుకొనగలవాడు ఇల్లు చేరును.

సరిహద్దు సీమలో తెలుగు బడి నడుపు మావంటివారికి వెనుకచూపు క్రొత్త విద్య కాదు. కోటగోడపై నున్న 1294 నాటి అక్షరములను మెడ త్రిప్పి చూచుచునే, కన్నడ దేశమున మా పిల్లల ముందుదారిని చూచుకొనుచున్నాము. వెనుకను చూచుట వెనుకకు పోవుట కొరకు కాదు, క్షేమముగా మలుగుట కొరకు. ఈ సంచికను చదువు తెలుగు సోదరులు తమ ఊరి బడులలో, సంఘములలో, బండి కొన్న ప్రతి యువకునకు అక్షింతలతో పాటు ఈ నాలుగు మాటలను గూడ చెప్పుదురు గాక: అద్దము, సంజ్ఞ, మెడ, మలుపు. మన ప్రక్కననే ఎవరో ఒకరు వచ్చుచుందురు. వారి నడుమ ఒక బిడ్డ కూర్చుండవచ్చును.